ప్రవాస దేశభక్తుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ

తెల్లవారుజామున తమక దగ్గర జాతీయ రహదారి పక్కన నిలబడితే బెంగుళూరు వైపు సాగిపోయే బస్సులు వరుసగా కనిపిస్తాయి. బంగారుపేట స్టేషనులో రైళ్లు కిటకిటలాడుతుంటాయి. 2001 ఫిబ్రవరిలో కోలారు బంగారు గనులు మూతపడిన తరువాత ఎందరో పని కోసం రోజూ ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. కాని వారికి ఒక ఊరట ఉంది. పొద్దు గూకేసరికి ఇల్లు చేరుకుంటారు. తల్లి వండిన ముద్ద తింటారు. తమ భాషలో మాట్లాడుకుంటారు.

ఊరు విడిచి వెళ్లినవాడు మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కరాదని ప్రభుత్వమే శాసిస్తే ఆ మనిషి స్థితి ఏమిటి? శ్రీరాముడు పద్నాలుగేళ్లు అరణ్యవాసం చేసి అయోధ్యకు తిరిగి వచ్చాడు. పాండవులు పదమూడేళ్లు గడిపి హస్తినాపురం చేరారు. దాదాపు ముప్పై అయిదేళ్లు పరదేశాలలో తిరిగి, చివరకు జన్మభూమిని చూడకుండానే కన్నుమూసిన ఒక తెలుగు నేల బిడ్డ కథ ఇది. ఆయన చేసిన నేరం దేశాన్ని ప్రేమించడం, ఆ ప్రేమను నలుగురికీ తెలిసేలా రాయడం. ఆయనే వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ.

వీరేంద్రనాథ్ 1880 అక్టోబరు 31వ తేదీన హైదరాబాదులో జన్మించారు. మన కోలారు బంగారు గనులలో జాన్ టేలర్ కంపెనీ పనికి పూనుకున్నది కూడా ఆ సంవత్సరమే. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ తూర్పు బెంగాలుకు చెందినవారు. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి, విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి భారతీయులలో ఒకరుగా పేరు గడించారు. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై హైదరాబాదు వచ్చి అక్కడ కళాశాలను స్థాపించారు. అదే తరువాత నిజాం కళాశాలగా ప్రసిద్ధి పొందింది. తల్లి వరదసుందరి బెంగాలీలో పాటలు కట్టి మధురంగా పాడేవారు. ఆ దంపతులకు ఎనిమిదిమంది సంతానం. భారత కోకిలగా పేరొందిన సరోజినీ నాయుడు పెద్ద కుమార్తె. ఆమె తరువాతివాడు వీరేంద్రనాథ్. కవిగా, నటుడుగా పేరు తెచ్చుకున్న హరీంద్రనాథ్ చిన్న తమ్ముడు.

ఆ ఇంటి తలుపులు అందరికీ తెరిచి ఉండేవి. హిందువులు, ముస్లిములు, పండితులు, కవులు, విద్యార్థులు ఆ ఇంట్లో సమానంగా కూర్చుని చర్చించేవారు. ఇంట్లో బెంగాలీ, వీధిలో తెలుగు, ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినిపించేవి. ఈ వాతావరణంలో పెరిగిన వీరేంద్రనాథుకు తెలుగు, తమిళం, బెంగాలీ, ఉర్దూ, హిందీ, పారశీకం పట్టుబడ్డాయి. ఇంట తమిళమో కన్నడమో, పొరుగున తెలుగో వింటూ పెరిగే కోలారు పిల్లలకు ఈ సంగతి వింతగా తోచదు.

అధికారానికి ఎదురు నిలిస్తే ఏమవుతుందో వీరేంద్రనాథ్ పసివయసులోనే చూశారు. ఆయనకు మూడేళ్లయినా నిండకముందు, 1883లో, నిజాం రాజ్యంలో చందా రైల్వే పథకం గూర్చి పెద్ద వివాదం చెలరేగింది. ఇంగ్లీషు కంపెనీకి రైలుమార్గం నిర్మాణాన్ని అప్పగిస్తే సంస్థానం ఖజానాపై మోయలేని భారం పడుతుందని కొందరు ఆందోళన చెందారు. ఒప్పందంలోని విషయాలను ప్రజలకు తెలపాలని వారు కోరారు. వారిలో అఘోరనాథ్ ఒకరు. ప్రజలు ప్రశ్న అడగడమే ప్రభుత్వానికి నేరంగా కనిపించింది. ఆయనను ఉద్యోగం నుండి తప్పించి హైదరాబాదు రాజ్యం నుండి వెళ్లగొట్టారు. కొన్నేళ్లకు ఆయనను తిరిగి రానిచ్చారు. తండ్రి పొందిన బహిష్కారం కొన్నేళ్లదే. కుమారుడు పొందబోయే బహిష్కారానికి ముగింపు లేదు.

వీరేంద్రనాథ్ మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలోను, కలకత్తా విశ్వవిద్యాలయం బి.ఏ. పరీక్షలోను ఉత్తీర్ణులయ్యారు. తరువాత ఐ.సి.ఎస్. పరీక్షకు చదివేందుకు ఇంగ్లండు వెళ్లారు. ఆ రోజులలో ఐ.సి.ఎస్. అధికారి అయితే జిల్లాను ఏలవచ్చు. పెద్ద జీతం, బంగళా, గుర్రపుబండి, బంట్రోతులు అన్నీ ఉంటాయి. ఏ తండ్రి అయినా కొడుకు అలాంటివాడు కావాలనే కోరుకుంటాడు. కాని ఆ పరీక్ష ఆయనకు అందిరాలేదు. న్యాయవాది కావాలని మిడిల్ టెంపుల్ అనే న్యాయవిద్యా సంస్థలో చేరారు.

ఆ కాలంలో లండనులో భారతీయ విద్యార్థుల కోసం శ్యాంజీ కృష్ణవర్మ 1905లో 'ఇండియా హౌస్' అనే వసతిగృహాన్ని నెలకొల్పారు. దేశ స్వాతంత్ర్యం గూర్చి అక్కడ వేడిగా చర్చలు జరిగేవి. వినాయక దామోదర సావర్కర్, తమిళనాడు నుండి వచ్చిన వి.వి.ఎస్. అయ్యర్ మొదలైనవారు అక్కడివారే. వీరేంద్రనాథ్ వారితో కలిశారు. న్యాయశాస్త్ర గ్రంథాల కన్నా పత్రికలు ఆయనకు ఎక్కువ ప్రీతిపాత్రమయ్యాయి.

1909 జూలై 1వ తేదీన మదన్‌లాల్ ధింగ్రా అనే యువకుడు లండనులో కర్జన్ వైలీ అనే బ్రిటిష్ అధికారిని కాల్చి చంపాడు. ఇంగ్లండు అంతటా ఆగ్రహం పెల్లుబికింది. ధింగ్రాను నిందిస్తూ లండనులోని భారతీయులు సభ జరిపారు. ఆ తీర్మానాన్ని ఎదిరించిన సావర్కరుపై అందరూ విరుచుకుపడ్డారు. అటువంటి సమయంలో సావర్కరును సమర్థిస్తూ వీరేంద్రనాథ్ లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశారు. దాని కింద తన పేరు పెట్టారు. ఫలితం వెంటనే వచ్చింది. మిడిల్ టెంపుల్ ఆయనను బహిష్కరించింది. న్యాయవాది వృత్తికి తలుపులు మూసుకుపోయాయి. ఆ ఉత్తరం రాయకుండా ఉన్నా, క్షమాపణ చెప్పుకున్నా ఆయన నల్లకోటు ధరించి హైదరాబాదుకు తిరిగి వచ్చి ఉండేవారేమో! ఆయన ఆ దారి తొక్కలేదు.

పోలీసులు తనను నిర్బంధించబోతున్నారని గ్రహించి, 1910 జూన్‌లో ఆయన ఇంగ్లండు విడిచి పారిస్ చేరారు. అక్కడ మాడం భికాజీ కామా భారత విప్లవకారులకు అమ్మ వలె ఆశ్రయమిస్తున్నారు. 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభలో భారత పతాకాన్ని ఎగురవేసిన ధీరవనిత ఆమె. ఆమె ప్రచురించే 'వందేమాతరం' పత్రికకు వీరేంద్రనాథ్ తోడ్పడ్డారు. 'తల్వార్' అనే పత్రికకు సంపాదకత్వం వహించారు. తల్వార్ అంటే కత్తి. ఈ పత్రికలు భారతదేశంలో అడుగు పెట్టరాదని ప్రభుత్వం నిషేధించింది. అయినా అవి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి మీదుగా రహస్యంగా దేశంలోకి వచ్చేవి. చేతులు మారుతూ, నలిగిపోతూ, దీపం వెలుగులో చదువరులను చేరుకునేవి.

ఒక చిన్న కాగితానికి అంత పెద్ద ప్రభుత్వం ఎందుకు భయపడింది? ఫిరంగి గుండు ఒక గోడను పడగొడుతుంది. అక్షరం మనుషుల మనసులలోని భయాన్ని పడగొడుతుంది. అది పాలకులకు తెలుసు. అందుకే ఆ సంవత్సరాలలో కలం పట్టినవారిపై దెబ్బ మీద దెబ్బ పడింది. 1908లో 'కేసరి' పత్రికలో రాసిన వ్యాసాలకు బాలగంగాధర తిలక్‌కు ఆరేళ్ల శిక్ష వేసి బర్మాలోని మాండలే చెరసాలకు పంపారు. విజయవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహ నేరం మోపి జైలులో పెట్టారు. 'ఇండియా' పత్రిక నడిపిన తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి నిర్బంధం తప్పించుకోవడానికి పుదుచ్చేరి చేరి పదేళ్లు అక్కడే గడిపారు. మన మైసూరు సంస్థానంలో కూడా పత్రికలను అదుపు చేసే చట్టం 1908లోనే వచ్చింది. 1910లో భారత ప్రభుత్వం పత్రికల చట్టం తెచ్చి, ధరావతు కట్టకుండా ముద్రణాలయం నడపడం కష్టమయ్యేలా చేసింది. కోలారు జిల్లా ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్ప పత్రికారచయితగా తొలి అడుగులు వేసింది ఈ కాలంలోనే.

తిలక్ మాండలే నుండి తిరిగి వచ్చారు. భారతి పుదుచ్చేరి నుండి తిరిగి వచ్చారు. వీరేంద్రనాథ్ మాత్రం రాలేకపోయారు.

1914లో ఆయన జర్మనీ వెళ్లి హాలే విశ్వవిద్యాలయంలో చేరారు. కొన్ని నెలలకే మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. బ్రిటనుకు జర్మనీ శత్రువు కాబట్టి, జర్మనీ సహాయంతో భారతదేశాన్ని విముక్తం చేయవచ్చునని ప్రవాస భారతీయులు తలచారు. వారు బెర్లినులో ఒక కమిటీగా ఏర్పడ్డారు. దానికి వీరేంద్రనాథ్ ప్రధాన సూత్రధారి. లాలా హరదయాళ్, బర్కతుల్లా, వివేకానందస్వామి తమ్ముడైన భూపేంద్రనాథ్ దత్తా, చంపకరామన్ పిళ్లె, ఎం.పి.టి. ఆచార్య మొదలైనవారు ఆ కమిటీలో పనిచేశారు. అమెరికాలోని గదర్ పార్టీతో వారికి సంబంధాలు ఉండేవి. ఆయుధాలను భారతదేశానికి పంపాలని చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఆయుధంతో స్వాతంత్ర్యం సాధించాలన్న ఆ మార్గం గాంధీజీ చూపిన అహింసా మార్గానికి భిన్నమైనది. గాంధీజీ నాయకత్వంలో దేశం నడిచిన దారి వేరు. అయినా ఆ ప్రవాసుల త్యాగాన్ని తక్కువ చేసి చూడలేము.

బ్రిటిష్ గూఢచారులు వీరేంద్రనాథ్‌ను నీడ వలె వెంటాడారు. 1915లో స్విట్జర్లాండులో ఆయనను చిక్కించుకోవడానికి పన్నిన కుట్ర ఫలించలేదు. ఆ యుద్ధకాలంలో గూఢచారి శాఖలో పనిచేసిన సోమర్‌సెట్ మామ్ అనే ఇంగ్లీషు రచయిత తరువాత తన కథలలో ఒక భారతీయ విప్లవకారుని పాత్రను సృష్టించాడు. దానికి మూలం వీరేంద్రనాథే అంటారు. ఆ 1915వ సంవత్సరంలోనే కలకత్తాలో తండ్రి అఘోరనాథ్ మరణించారు. చిన్ననాడు ప్రశ్నించడం నేర్పిన తండ్రికి చివరి నమస్కారం చేసే భాగ్యం కూడా పెద్దకొడుకుకు దక్కలేదు.

1917లో వీరేంద్రనాథ్ స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోం చేరారు. అక్కడి పత్రికలలో భారతదేశ పరిస్థితిని గూర్చి వ్యాసాలు ప్రచురించారు. ఏ దేశానికి వెళితే ఆ దేశభాష నేర్చుకోవడం ఆయన అలవాటు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, డచ్చి, స్వీడిష్, రష్యన్ భాషలు ఆయనకు స్వాధీనమయ్యాయి. విలాసం కోసం నేర్చుకున్న భాషలు కావవి. భారతీయుల గోడు ఎవరి చెవిన వేయాలో, వారి మాటలోనే వేయాలన్న తపనతో నేర్చుకున్నవి.

యుద్ధం ముగిసింది. జర్మనీ ఓడింది. వీరేంద్రనాథ్ మళ్లీ బెర్లిను చేరారు. 1921లో మాస్కో వెళ్లి భారత స్వాతంత్ర్య సమస్యపై తమ అభిప్రాయాలను లెనినుకు రాసి పంపారు. లెనిను ఆ పత్రాన్ని చదివి జవాబు రాశాడు. బెర్లినులో ఆయన భారతీయ వార్తలను ఐరోపా పత్రికలకు అందించే కార్యాలయం నడిపారు. చదువుకోసం జర్మనీ వచ్చే భారతీయ విద్యార్థులకు దారి చూపారు. భారత స్వాతంత్ర్యోద్యమాన్ని బలపరచినందుకు అమెరికాలో జైలుకు వెళ్లిన ఆగ్నెస్ స్మెడ్లీ అనే రచయిత్రి కొన్నేళ్లు ఆయనకు సహచరిగా ఉన్నారు. ఆమె తరువాత చైనా వెళ్లి పత్రికారచయిత్రిగా ప్రపంచఖ్యాతి పొందారు.

వీరేంద్రనాథ్‌ను ఆయన మిత్రులు ప్రేమగా 'చటో' అని పిలిచేవారు. 1927 ఫిబ్రవరిలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో పీడిత జాతుల మహాసభ జరిగింది. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల నుండి ప్రతినిధులు వచ్చారు. భారత జాతీయ కాంగ్రెసు తరఫున జవహర్‌లాల్ నెహ్రూ హాజరయ్యారు. ఆ సభలో సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి ఏర్పడింది. తరువాత దాని కార్యదర్శులలో ఒకరుగా చటో రాత్రింబగళ్లు శ్రమించారు. నెహ్రూకు ఎన్నో ఉత్తరాలు రాశారు.

చటోను గూర్చి నెహ్రూ తమ ఆత్మకథలో ఆప్యాయంగా తలచుకున్నారు. ఆయన ఎప్పుడూ డబ్బుకు కటకటలాడేవారు. దుస్తులు బాగా పాతబడి ఉండేవి. పూట గడవడం కూడా కష్టమైన రోజులు ఉండేవి. అయినా ఆయన ముఖాన నవ్వు చెరగలేదు, మాటలో చమత్కారం తగ్గలేదు. ఐ.సి.ఎస్. చదువుకోసం ఓడ ఎక్కిన డాక్టరు గారి అబ్బాయి, బెర్లిను చలిలో అరిగిన కోటుతో తిరిగాడు. ఇంటి నుండి పిలుపు వినిపిస్తూనే ఉండేది. ఇల్లు చేరే దారి మాత్రం లేదు. బ్రిటిష్ పాలన సాగినంతకాలం భారతదేశంలో అడుగుపెడితే ఆయనకు జైలో, అంతకన్నా ఘోరమైన శిక్షో తప్పదు.

ఒక్కసారి ఆలోచించండి. 1925లో అక్క సరోజినీ నాయుడు కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలయ్యారు. దేశమంతా ఆమెకు జయజయధ్వానాలు పలికింది. ఆ వేళ తమ్ముడు వేల మైళ్ల దూరంలో, ఆ వార్తను పత్రికలో చదువుకోవలసిందే. ఒక తల్లి బిడ్డలు, ఒకే లక్ష్యం. మధ్య దాటరాని సముద్రం.

1931లో చటో జర్మనీ విడిచి మాస్కో వెళ్లారు. 1933 జనవరిలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. కలం పట్టినవారు, అధికారాన్ని విమర్శించినవారు వందలుగా జర్మనీ నుండి పారిపోవలసి వచ్చింది. చటోకు తిరిగి వెళ్లడానికి బెర్లిను కూడా మిగలలేదు. ఆయన లెనిన్‌గ్రాడ్ నగరంలో విజ్ఞాన అకాడమీకి చెందిన జాతిశాస్త్ర సంస్థలో పనికి చేరి, భారతీయ విభాగంలో పరిశోధన చేశారు. అక్కడే వివాహం చేసుకున్నారు. ఇన్నేళ్ల తిరుగుడు తరువాత పుస్తకాల నడుమ, భారతదేశాన్ని గూర్చి చదువుకుంటూ ప్రశాంతంగా బ్రతకవచ్చునని ఆయన అనుకుని ఉండవచ్చు.

కాని ఆ ప్రశాంతత నిలవలేదు. 1937లో సోవియట్ దేశంలో స్టాలిన్ పాలన ఉగ్రరూపం దాల్చింది. అధికారుల అనుమానం చాలు, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. పరదేశాల నుండి వచ్చి ఆశ్రయం పొందినవారిపై అనుమానం మరింత ఎక్కువ. వేలాదిమంది నిరపరాధులు, వారిలో ఎందరో రచయితలు, పండితులు బలి అయ్యారు. ఆ జూలై నెలలో వీరేంద్రనాథ్‌ను నిర్బంధించారు. 1937 సెప్టెంబరు 2వ తేదీన ఆయనకు మరణశిక్ష అమలు జరిపారు. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు. బ్రిటిష్ గూఢచారులు ముప్పై ఏళ్లు వెంటాడి చేయలేని పనిని, ఆయన నమ్మి ఆశ్రయించిన ప్రభుత్వమే చేసింది.

ఆ వార్త భారతదేశానికి చేరలేదు. స్వాతంత్ర్యం వచ్చింది. అక్క సరోజిని ఉత్తరప్రదేశ్ గవర్నరు అయ్యారు. 1949లో ఆమె కన్నుమూశారు. చటో ఎప్పుడు, ఎలా మరణించారన్న విషయంపై చాలాకాలం పలువురు పలువిధాలుగా చెప్పుకున్నారు. సోవియట్ ప్రభుత్వ దస్త్రాలు బయటపడిన తరువాత మాత్రమే అసలు సంగతి లోకానికి తెలిసింది.

హైదరాబాదులో అఘోరనాథ్ నివసించిన ఇల్లు నేటికీ ఉంది. సరోజిని తొలి కవితా సంపుటి పేరుతో దానిని 'గోల్డెన్ త్రెషోల్డ్', అనగా బంగారు వాకిలి అని పిలుస్తారు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట ఆ ఇంటిలోనే నడిచింది. ఆ వాకిలి దాటి ఓడ ఎక్కిన పెద్దకొడుకు తిరిగి ఆ గడప తొక్కలేదు. అయినా ఆ ఇంట విద్యార్థుల అడుగుల చప్పుడు వినిపించింది. ప్రశ్నించే చదువును ప్రేమించిన ఆ తండ్రీ కొడుకులకు అంతకన్నా తగిన స్మృతి ఏముంటుంది?

వీరేంద్రనాథ్ జీవితం మనకు రెండు విషయాలు తెలుపుతుంది. మొదటిది, జన్మభూమి విలువ దూరమైనవారికే బాగా తెలుస్తుంది. రెండవది, కలాన్ని చూసి భయపడే గుణం ఒక జాతి పాలకులకో, ఒక దేశపు పాలకులకో పరిమితం కాదు. నిజాం ప్రభుత్వం తండ్రిని వెళ్లగొట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం కొడుకును వెంటాడింది. సోవియట్ ప్రభుత్వం ప్రాణం తీసింది. ప్రశ్నను సహించలేని అధికారం ఏ జెండా పట్టుకున్నా ఒకే తీరున ప్రవర్తిస్తుంది.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం తన 19వ అధికరణంలో పౌరులకు భావప్రకటన స్వేచ్ఛను హక్కుగా ఇచ్చింది. ఆ హక్కు ఉచితంగా వచ్చినది కాదు. ఎందరో జైళ్లలో మగ్గి, ఎందరో పరాయి దేశాలలో ఆకలితో తిరిగి దానికి మూల్యం చెల్లించారు. మన గనులలో వేల అడుగుల లోతుకు దిగిన కార్మికుల పేర్లు బంగారంపై రాసి ఉండవు. అలాగే మనం స్వేచ్ఛగా మాట్లాడే ప్రతి మాట వెనుక పేరు తెలియని త్యాగమూర్తులు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరి పేరైనా మనకు తెలిసింది. దానిని మరువకుండా ఉండడం మన కర్తవ్యం.